సమాధానం: వేసవి ఇంటర్న్‌షిప్‌కి సంస్థలు పలకకపోతే

మీరు ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) మొదటి ఏడాది, మే–జూన్‌లో ఆరు వారాలు ఖాళీ, ఇంటర్న్‌షిప్ కోసం సంస్థలకు రాసిన మెయిళ్లకు జవాబే లేదన్నారు. చిక్కు "ఏ పనైనా చేస్తాను" అని మీరు రాసిన మాటలో ఉంది. మీకు పని వెతకడమే వాళ్లకు అదనపు పని. కాబట్టి పనేదో మీరే చెప్పండి: "ఒక గ్రామ సంఘంలోని పది పొదుపు సంఘాల పుస్తకాలను బ్యాంకు పాసుపుస్తకాలతో సరిచూసి, తేడాలు రాసిస్తాను." (గ్రామ సంఘం అంటే ఊళ్లోని మహిళా పొదుపు సంఘాల సమాఖ్య.) ఒక్క పేజీ చాలు. తేదీలు, బస ఏర్పాటు, శాఖాధిపతి సంతకంతో లేఖ తప్పనిసరి. మార్చిలోనే జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ కార్యాలయంలో స్వయంగా ఇచ్చి, అనుమతి ప్రతితో, గ్రామ సంఘాలన్నీ కలిసిన మండల సమాఖ్యకు వెళ్లండి.

మొదటి వారం పుస్తకాలు అడగకండి, సమావేశాల్లో కూర్చోండి. తనిఖీకి వచ్చారనుకుంటే ఎవరూ నోరు విప్పరు. తర్వాత పొదుపు సంఘాలు పాటించాల్సిన పంచసూత్రాల ప్రకారం చూడండి: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు (సంఘం తన నిధి నుంచి సభ్యులకే ఇచ్చేవి), సకాలంలో వాయిదాలు, పుస్తక నిర్వహణ. నా దృష్టిలో అసలు విషయం అంతర్గత అప్పుల్లోనే తెలుస్తుంది: ఎవరికి అందుతోంది, ఎవరికి ఎప్పుడూ అందడం లేదు?

ఊళ్లో తిరగాల్సిన పని మేలోనే ముగించండి. తొలకరి పడితే ఆడవాళ్లు పొలాల్లో ఉంటారు. ఆధార్ కార్డులు ఫొటో తీయొద్దు. తిరిగి వచ్చేముందు మీ లెక్కలు సభ్యులకు తప్పక చదివి వినిపించండి. తప్పులుంటే అక్కడే దిద్దుతారు.