కాసులు లెక్కపెట్టేముందు కాగితం రాయి

తిరుపతి

చిరంజీవి అబ్బోడికి మామ ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోనులో నువ్వు గుసగుసగా చెప్పింది సగమే వినబడింది. మిగతా సగం మీ అమ్మ చెప్పింది. కాణిపాకం దగ్గర నువ్వు గుత్తకు చేస్తున్న కయ్యలో నీటిగుంట తవ్విస్తుంటే జేసీబీ బకెట్టుకు ఇత్తడి చెంబు తగిలిందట. దాన్నిండా మట్టి పట్టిన కాసులట. నాలుగు రోజులుగా అది మీ ఇంట్లో బియ్యం డబ్బాలో ఉందట. ఇలాంటివి ఫోనులో తేలే మాటలు కావు, అందుకే జాబు రాస్తున్నా. ముప్పై ఏళ్ళు రెవెన్యూలో పనిచేసినోడికి కాగితం మీద ఉండే నమ్మకం ఇంక దేనిమీదా కుదరదు, నవ్వుకుంటే నవ్వుకో.

"సముద్రంలో ఓడ దొరికితే దొరికినోడిదే కదా మామా, వీడియోలో చూసినా" అన్నావు. నువ్వు చూసింది మెల్ ఫిషర్ అనే అమెరికా నిధుల వేటగాడి కథ అయ్యుంటుంది. 1622లో ఫ్లోరిడా దగ్గర మునిగిన అటోచా అనే స్పెయిన్ ఓడ కోసం ఆయన పదహారేళ్ళు వెతికాడు. 1975లో ఆ వెతుకులాటలోనే పడవ మునిగి కొడుకూ కోడలూ పోయారు. మళ్ళీ పదేళ్ళకు, 1985 జూలైలో, అసలు కుప్ప దొరికింది. ఫ్లోరిడా ప్రభుత్వం ఆ సొత్తు మాదేనని అంతకుముందే సుప్రీంకోర్టు దాకా పోయింది, ఆయన తట్టుకుని నిలబడ్డాడు. వీడియో అక్కడ ఆగిపోయి ఉంటుంది. తర్వాత 1988లో అమెరికావాళ్ళు కొత్త చట్టం చేశారు. తీరం దగ్గర నేలలో కూరుకుపోయి, సొంతదారు వదిలేసిన పాత ఓడలు ఆయా రాష్ట్రాలవి అని అందులో రాసుకున్నారు. ఫిషర్‌కు తెరిచిన తలుపు తర్వాతి వాళ్ళకు మూసేశారన్నమాట.

అంతకన్నా నువ్వు తెలుసుకోవాల్సింది మునిగిన ఓడల్లోంచి సొత్తు పైకి తీసే ఒడిస్సీ అనే కంపెనీ కథ. వాళ్ళదీ ఫ్లోరిడానే. ఒకే కంపెనీ, రెండు ఓడలు, రెండు రకాల ఫలితం.

మొదటిది 2007లో. అట్లాంటిక్ అడుగు నుంచి దాదాపు 17 టన్నుల నాణేలు, 5 లక్షల 90 వేలకు పైగా, ఎక్కువగా వెండివి, పైకి తీసి విమానంలో అమెరికా చేర్చారు. ఏ ఓడవో గట్టిగా తేలలేదంటూ ఆ పనికి 'బ్లాక్ స్వాన్' అని ఒక మారుపేరు పెట్టుకున్నారు. స్పెయిన్ కోర్టుకెక్కింది. అది 1804 అక్టోబరులో ఇంగ్లీషువాళ్ళ దాడిలో పేలి మునిగిన మా మెర్సెడెస్ అనే యుద్ధనౌక, అందులో మా నావికులు చనిపోయారు, అది మేము వదిలేసిన సొత్తు కాదు అని వాదించింది. యుద్ధనౌక మునిగినా ఆ దేశానిదే, దాని మీద చెయ్యి వేసే అధికారం మాకు లేదని అమెరికా కోర్టు తేల్చింది. ఆ నాణేలు ముద్ర వేసింది మా లిమా టంకశాలలో అని పెరూ దేశం వచ్చింది. ఓడలో సరుకు వేసిన వర్తకుల వారసులమని ఇంకొందరు వచ్చారు. ఎవరి మాటా చెల్లలేదు. 2012 ఫిబ్రవరిలో స్పెయిన్ మిలిటరీ విమానాలు రెండు వచ్చి మొత్తం ఎత్తుకుపోయాయి. ఖర్చుపెట్టి, పైకి తీసి, శుభ్రం చేసి, లెక్కపెట్టి పెట్టిన కంపెనీకి ఒక్క కాసు మిగల్లేదు. పైపెచ్చు స్పెయిన్ లాయర్ల ఖర్చు కూడా నెత్తిన పడింది.

రెండో ఓడ పేరు గైర్‌సొప్పా. మన పక్క కర్ణాటకలో జోగ్ జలపాతానికి ఉన్న ఇంకో పేరే. కలకత్తాలో వెండి ఎక్కించుకుని ఇంగ్లండు పోతుంటే 1941 ఫిబ్రవరిలో జర్మన్ జలాంతర్గామి దాన్ని ముంచేసింది. యుద్ధకాలం బీమా కింద నష్టం కట్టింది బ్రిటిష్ ప్రభుత్వం కాబట్టి ఆ వెండి ప్రభుత్వానిదైంది. ఈసారి అదే ఒడిస్సీ ముందుగా ఆ ప్రభుత్వంతోనే ఒప్పందం రాసుకుంది. ఖర్చులు పోగా మిగిలినదాంట్లో 80 శాతం మాకు, 20 మీకు అని. దాదాపు 4,700 మీటర్ల లోతు నుంచి 2012, 2013లో వంద టన్నులకు పైగా వెండి తీసింది. వాటా చేతికొచ్చింది.

నీ చెంబు ఈ రెంటిలో దేనికి చుట్టమవుతుందో నువ్వే చూసుకో. బియ్యం డబ్బాలో ఉన్నంతకాలం అది మెర్సెడెస్సే.

సముద్రంలో సంగతికీ మట్టిలో సంగతికీ చట్టాలు వేరు, అది ఒప్పుకుంటా. కానీ మన దేశంలో ఓడలకని 1958లో రాసుకున్న పాత చట్టంలోనూ మొదటి మాట ఇదే ఉండేది, దొరికినవాడు అధికారికి చెప్పాలని. మట్టిలో దాగిన సొత్తుకు 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం. దొరికింది పది రూపాయల కన్నా ఎక్కువ విలువైతే కలెక్టరుకు రాసివ్వాలి. పది రూపాయలంటే ఆ రోజుల్లో మాట, ఇప్పుడు టీ కూడా రాదు. ఏం దొరికింది, సుమారు విలువెంత, ఎక్కడ, ఏ తేదీన, ఇంతే రాయాల్సింది. దాంతోపాటు సొత్తును దగ్గర్లోని ప్రభుత్వ ట్రెజరీలో దించాలి, లేదా అడిగినప్పుడు చూపిస్తానని కలెక్టరు కోరిన హామీ ఇవ్వాలి. 'వీలైనంత త్వరగా' అన్నారు చట్టంలో. నాలుగు రోజులు దాటింది, భయపడి ఆలస్యం చేశానని ఉన్నదున్నట్టు రాయి. తేదీ మార్చొద్దు. జేసీబీ బాడుగ రసీదు మీద తేదీ ఉంటుందని నీకు తట్టలేదేమో గానీ, అడిగేవాళ్ళకు తడుతుంది.

అర్జీ పోవాల్సింది చిత్తూరు కలెక్టరుకు. జిల్లా చీలిన తర్వాత నేను తిరుపతి జిల్లావాణ్ణి, నీ కయ్య చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయింది, కాబట్టి ఇక్కడ నాకు తెలిసినవాళ్ళు నీకు అక్కరకు రారు. ఒక ప్రతి స్పీడ్ పోస్టులో పంపు, ఇంకో ప్రతి ఐరాల తాసిల్దారు ఆఫీసులో ఇచ్చి నీ దగ్గరుంచుకునే కాపీ మీద ముద్ర వేయించుకో. ముద్ర లేని కాపీ ఉన్నా లేనట్టే.

ఇంక అసలు చిక్కు. సొంతదారుడు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాడికి ముక్కాలు భాగం, నేల యజమానికి పావు భాగం అంటుంది చట్టం. నేల నీది కాదు, గుత్తది. కాబట్టి పావు భాగం ఆ పెద్దాయనది. మరి దొరికినవాడెవరు? చెంబును చేత్తో తీసింది నేనే అంటున్నావు. మట్టిలోంచి లేపింది జేసీబీ డ్రైవరు. 'ఆగు ఆగు' అని కేకేసింది గెనిమ మీదున్న కూలీ ఆడమనిషి అని మీ అమ్మ చెప్పింది. నువ్వామె మాట ఎత్తనే లేదు. ఎవరికి దొరికింది, ఏ పరిస్థితిలో దొరికింది అన్నది కలెక్టరు విచారణలో మొదట అడిగేదే. అర్జీలో ముగ్గురి పేర్లూ, ఎవరేం చేశారో వరుసగా రాయి. దానివల్ల నీ వాటా తగ్గొచ్చు. తగ్గితే తగ్గనీ. వాళ్ళను వదిలేసి రాశావంటే విచారణ రోజు వాళ్ళే నీకు ఎదురు సాక్షులవుతారు. నేల యజమానితో, వీళ్ళిద్దరితో కూర్చుని పంపకం మాట్లాడుకుని రాసుకున్నా మంచిదే, అలాంటి ఒప్పందం ఉంటే చట్టం దాన్నే పాటిస్తుంది. కానీ అర్జీ ముందు, పంచాయితీ తర్వాత.

కలెక్టరు ప్రకటన వేస్తాడు. హక్కుదారులు రావడానికి నాలుగు నెలలకు తక్కువ కాకుండా, ఆరు నెలలకు మించకుండా గడువు పెడతాడు. అప్పుడు నేల యజమాని 'మా తాత దాచింది' అనొచ్చు. గత నూరేళ్ళలో దాచిందని నమ్మేట్టు చెప్పగలిగితే సివిల్ కోర్టుకు పోనిస్తారు. అందుకే కాసుల మీద ఏముందో ముఖ్యం. విజయనగరం వరహాలైతే ఆ మాట నిలవదు. జార్జి రాజు బొమ్మ ఉంటే నిలవొచ్చు.

ప్రభుత్వమే ఉంచుకోవాలనుకుంటే లోహం విలువా, దాని మీద అయిదో వంతూ కట్టి తీసుకోవచ్చు. వరహా ఒకటి మూడున్నర గ్రాములకు కాస్త తక్కువ బంగారం, లెక్క నువ్వే వేసుకో. రాగి కాసులైతే పాత రాగి ధర, ఆశలు పెట్టుకోవద్దు. ఇది నాకూ అన్యాయమనే అనిపిస్తుంది, కానీ చట్టం అట్లా ఉంది. చెప్పకుండా దాచితే ఆ వాటా కూడా ప్రభుత్వానికి పోతుంది, ఏడాది దాకా జైలో, జరిమానానో, రెండూనో. తెలిసీ దాచడానికి సాయం చేసిన నేల యజమానికీ శిక్ష ఉంది.

నేను ఆర్‌ఐగా, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా, ఉన్నప్పుడు ఒక రైతు ఇట్లాగే దొరికిన బంగారు కాసుల్ని రాత్రికి రాత్రి ఆచారి దగ్గర కరిగించి ముద్ద చేయించాడు. పంచనామా రాసింది నేనే. ఏ కాలంవో, ఎవరివో చెప్పే గుర్తులన్నీ మూసలో పోయాయి. ఆ ముద్దను తూకం వేస్తుంటే ఆయన భార్య గడపలో కూర్చుని 'చెప్పుంటే పోయేది కదయ్యా' అంటూనే ఉంది. ఆ ఇంట్లో మాకిచ్చిన మజ్జిగ నేను తాగలేకపోయాను.

పాత నాణేలు కొంటామని ఫోనులో వచ్చేవాళ్ళ జోలికి పోవద్దు. నూరేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, లైసెన్సు లేకుండా వాటితో వ్యాపారం చేయకూడదు, దేశం దాటించకూడదు. గుప్తనిధులని గుళ్ళు తవ్వే ముఠాల చెవిన పడితే రాత్రి నీ గుంట మీద టార్చిలైట్లు కనబడతాయి. అర్జీ ఇవ్వడానికి అదొక్క కారణం చాలదా?

కాణిపాకంలో సేద్యం చేస్తూ నన్నడుగుతావేంట్రా ఇది? అక్కడ అన్నదమ్ములు బావి తవ్వుతుంటే స్వామి బయటపడ్డాడు. ఇంటికి మోసుకుపోయారా? ఊరిని పిలిచారు. ఈరోజుకీ ఆయన ఆ బావిలోనే ఉన్నాడు, దొంగతనం కేసులకు జనం ఆయన ముందే ప్రమాణం చేస్తారు. నిన్ను అక్కడిదాకా తెచ్చుకోవద్దు.

గుంట పని ఆపు. చెంబు ఉన్నచోట ఒక గూటం కొట్టి, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోటోలు తీయి. విరిగిన పెంకులున్నా, చెంబుకు అంటిన మట్టి ఉన్నా పారేయొద్దు. అతుక్కున్న కాసుల్ని విడదీయొద్దు. ఆదివారం తొలి బస్సుకు వస్తా, అర్జీ ఇద్దరం కలిసి రాద్దాం, సోమవారం చిత్తూరు పోదాం.

అక్కకు మాత్రం ఈ జాబు అందగానే చెప్పు, కాసులు మెరవాలని చింతపండు నానబెట్టి ఉంటే పప్పులో వేసేయమని.

మీ మామ