ఒకే పుస్తకం రోజూ అడుగుతోందా? అడగనివ్వండి

నాలుగేళ్ల పాప ‘ద వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్’ తప్ప వేరే పుస్తకం ముట్టడం లేదు, దాంతోనే ఏమైనా నేర్పొచ్చా అని అడిగారు కదండీ. టెన్షన్ పడకండి, మావాడూ అంతే.

అందులో ఆకలి తీరని గొంగళిపురుగు సోమవారం ఒక యాపిల్, మంగళవారం రెండు బేరిపళ్లు, అలా శుక్రవారానికి ఐదు నారింజలు తొలిచి తినేస్తుంది. మేం ఇంట్లో ఉన్నవే పెట్టుకున్నాం: ఒక జామకాయ, రెండు సపోటాలు. అట్టముక్కల మీద పళ్లు గీసి, పిడికిలి దూరేంత చిల్లి పెట్టండి. పాత సాక్సు చేతికి తొడిగితే అదే పురుగు. లెక్క తప్పితే దిద్దకండి, పురుగు చేత “నాకింకా ఆకలీ!” అనిపించండి. తనే మళ్లీ లెక్కపెడుతుంది.

అసలు మజా కరివేపాకు మొక్క దగ్గర. కొరికిన ఆకులుంటే వెతకండి. చిన్నప్పుడు పిట్టరెట్టలా, పెరిగాక పచ్చగా ఉండే పురుగు దొరకొచ్చు. రెమ్మతో సహా సీసాలో పెట్టి, మూతికి పలచటి గుడ్డ కట్టండి. రోజూ మందు కొట్టని తాజా ఆకు వేయాలి. గూడు కట్టాక పది రోజులు అటూఇటూగా సీతాకోకచిలుక వస్తుంది, రెక్కలు ఆరాక వదిలేయండి. అన్నట్టు, ముట్టుకుంటే ఆ పురుగు ఎర్రటి కొమ్ములు బయటపెడుతుంది, వాసన కూడా. మావాడు ఒక్క గెంతులో నా వెనక దాక్కున్నాడు!