మా కుక్క తన ఒళ్లు తనే కొరుక్కుంటోంది, రక్తం వస్తోంది.. ఎలా ఆపాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా లాబ్రడార్ పేరు రాకీ, వయసు నాలుగేళ్లు. పిల్లలకు స్కూళ్లు తెరిచాక పగలంతా ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు. అప్పటి నుంచి ముందు కాలి మణికట్టు దగ్గర ఒకటే నాకుతున్నాడు, తోక మొదట్లో పళ్లతో కొరుక్కుంటున్నాడు. రెండు చోట్లా వెంట్రుకలు ఊడి, పుండ్లు పడి రక్తం వస్తోంది. డెట్టాల్‌తో కడిగి పసుపు రాశాం, తగ్గలేదు. నాక్కోకుండా మెడకు కోన్ (గరాటు లాంటి ప్లాస్టిక్ పట్టీ) పెడితే రాత్రంతా ఏడ్చాడని తీసేశాం. తిట్టినా, కట్టేసినా ఆగడం లేదు. ఒంటరితనం వల్లే ఇలా చేస్తున్నాడా? ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, విజయవాడ

సలహా: అమ్మా, ముందు ఆ కోన్ మళ్లీ పెట్టండి. ఈ రాత్రికే పెట్టండి. కుక్క నాకితే పుండు మానుతుందని చాలామంది నమ్ముతారు కానీ జరిగేది వేరు. పుండు ఎప్పుడూ తడిగా ఉంటుంది, నోట్లోని బ్యాక్టీరియా అందులోకి చేరుతుంది, చీము పట్టేకొద్దీ దురద పెరుగుతుంది, దురద పెరిగేకొద్దీ వాడు ఇంకా కొరుక్కుంటాడు. ఈ చక్రం ఆగకపోతే ఎంత ఖరీదైన మందు వాడినా పనిచేయదు.

వాడు ఏడ్చాడని మీకు బాధ కలగడం సహజమే. ఎక్కువ కుక్కలు రెండు మూడు రోజుల్లో కోన్‌కు అలవాటు పడిపోతాయి, అప్పటిదాకా మీరు మనసు గట్టి చేసుకోవాలి. చిన్న పిల్లాడికి చెయ్యి విరిగితే ఏడుస్తున్నాడని కట్టు విప్పేయం కదా, ఇదీ అంతే. కోన్ అంచు ముక్కు కొన కంటే రెండు అంగుళాలు ముందుకు ఉండాలి, మెడ దగ్గర మీ రెండు వేళ్లు దూరేంత సందు ఉండాలి, గిన్నెను కాస్త ఎత్తులో పెడితే తినడానికి ఇబ్బంది పడడు. గాలి నింపి మెడకు పెట్టే మెత్తటి కాలర్లు తోకకు పనికొస్తాయేమో కానీ అవి పెట్టినా ముందు పాదం నోటికి అందేస్తుంది, కాబట్టి రాకీకి గట్టి కోనే కావాలి. రాత్రిపూట మాత్రం అస్సలు తీయొద్దు, అందరూ పడుకున్నాకే వీళ్లు తీరిగ్గా పని మొదలుపెడతారు. ఇంకో మాట, పాదానికి సాక్సు తొడిగి రబ్బరు బ్యాండ్ వేస్తుంటారు కొందరు. దయచేసి ఆ పని చేయకండి, రక్తం ఆడక కాలు వాచి, పాదమే పోయే ప్రమాదం ఉంది.

ఇక ఒంటరితనం సంగతి. దాని పాత్ర ఉండొచ్చు, కానీ నేను అక్కడి నుంచి మొదలుపెట్టను. కుక్క తన ఒళ్లు తను కొరుక్కుంటుంటే మొదట దురదను అనుమానించాలి, తర్వాత నొప్పిని, ఈ రెండూ లేవని తేలాకే మనసును. "బోర్ కొట్టి చేస్తోంది" అనుకుని నెలల తరబడి వదిలేసిన కేసులు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే అన్నాళ్లూ ఆ మూగజీవి దురదతో నరకం పడుతూనే ఉంటుంది.

మీరు చెప్పిన రెండు చోట్లకూ కారణాలు వేర్వేరుగా ఉండొచ్చు. తోక మొదలు, నడుము వెనక భాగం, వెనక తొడలు కొరుక్కుంటుంటే నా మొదటి అనుమానం ఫ్లీస్ మీదే. ఇవి పిడుదులు కావు, రెక్కల్లేకుండా గెంతే సన్నటి గోధుమ రంగు పురుగులు. వీటి లాలాజలానికి అలర్జీ ఉన్న కుక్కను ఒకటి రెండు కుట్టినా చాలు, రోజుల తరబడి దురద వదలదు. అందుకే "మా వాడి ఒంటి మీద ఒక్క పురుగూ కనపడలేదు" అన్నంత మాత్రాన అవి లేవని కాదు. సన్న పళ్ల దువ్వెనతో తోక దగ్గర దువ్వి, రాలిన నల్లటి పొడిని తడిపిన తెల్ల టిష్యూ మీద వేయండి. ఎర్రగా, తుప్పు రంగులో మరక పడితే అది మట్టి కాదు, రక్తం తాగిన ఫ్లీస్ రెట్ట.

ఇక్కడే చాలామంది సగం వైద్యంతో ఆపేస్తారు. కుక్క ఒంటి మీద కనిపించే ఎదిగిన పురుగులు మొత్తంలో చాలా చిన్న భాగం, గుడ్లు, లార్వాలు, గూళ్లు అన్నీ పరుపులో, సోఫా సందుల్లో, కార్ల సీట్లలో ఉంటాయి, ఆ గూళ్లలోని పురుగులు నెలల తరబడి బతికి ఉంటాయి. కాబట్టి రాకీకి మందు వాడుతూనే వాడి పక్క గుడ్డలు వారం వారం బాగా వేడి నీళ్లలో ఉతకాలి, మూలలన్నీ వాక్యూమ్ చేయాలి, ఇంట్లో ఇంకో కుక్క, పిల్లి ఉంటే వాటికీ మందు వేయాలి, కనీసం మూడు నెలలు ఆపకూడదు. ఇప్పుడు నెలకొకసారి, మూడు నెలలకొకసారి వేసే మంచి మాత్రలు ఉన్నాయి, కాకపోతే వాడికి ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి. కుక్కల కోసం తయారైన పెర్మెత్రిన్ మందు పిల్లికి మాత్రం పొరపాటున కూడా తగలనివ్వకండి, ప్రాణం పోతుంది.

ఫ్లీస్ లేకపోతే మలద్వారం పక్కన ఉండే గ్రంథులు నిండిపోయాయేమో చూడాలి, వెనక భాగాన్ని నేలకు ఈడ్చుకుంటూ నడుస్తుంటే అదొక గుర్తు. వానాకాలంలో లాబ్రడార్ల దట్టమైన బొచ్చు తడిసి ఆరకపోతే ఒక్క రోజులోనే తడి పుండు లేస్తుంది, దీన్నే హాట్ స్పాట్ అంటాం.

కాలి సంగతి వేరు. మణికట్టు దగ్గర ఒకే చోట నెలల తరబడి నాకితే చర్మం మందంగా, గట్టిగా అయిపోతుంది, విరిగిన వెంట్రుకలు లోపలికి దిగి లోతుగా ఇన్ఫెక్షన్ పడుతుంది. పైపై క్రీములకు ఇది లొంగదు, కొన్ని వారాల పాటు యాంటీబయాటిక్ వాడాల్సి రావచ్చు, కోర్సు మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. ఆ కీలులో నొప్పి ఉన్నా సరిగ్గా దాని పైనే నాకుతారు కాబట్టి ఎక్స్‌రే ఒకటి తీయమని అడగండి. నాలుగు పాదాలూ, చెవులూ, చంకలూ కూడా నాకుతూ, గీరుకుంటూ ఉంటే దుమ్ము, పుప్పొడి లాంటి వాటి అలర్జీ గానీ తిండి అలర్జీ గానీ అయ్యుంటుంది. తిండి అనుమానం తేల్చుకోవాలంటే వాడు ఇప్పటిదాకా తినని ఒకే మాంసం, ఒకే పిండిపదార్థం కనీసం ఎనిమిది వారాలు పెట్టాలి, ఆ వారాల్లో పెరుగన్నం, బిస్కెట్, పిల్లలు చాటుగా పెట్టే చికెన్ ముక్క, ఏదీ పడకూడదు. ఇంట్లో అందరూ ఒప్పుకుంటేనే మొదలుపెట్టండి, లేకపోతే శ్రమంతా వృథా.

డెట్టాల్ ఆపేయండి, పుండు మండుతుంది, నాకితే నోరు, కడుపు పాడవుతాయి. పసుపు పేస్టు పుండు మీద అట్ట కట్టి కింద చీమును దాచేస్తుంది. అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక చిన్న చెంచా ఉప్పు కలిపి ఆ నీళ్లతో రోజుకు రెండుసార్లు కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరనివ్వండి, డాక్టర్‌ను కలిసేదాకా అంతే చాలు. మన ఇంట్లో ఉండే స్టెరాయిడ్ క్రీములు, జింక్ ఉన్న క్రీములు రాయొద్దు, నాకితే ప్రమాదం. పారాసిటమాల్, ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ అసలే వద్దు. కొరక్కుండా ఉంటాడని పుండు మీద కారం, కిరోసిన్ పూసేవాళ్లు కూడా ఉన్నారు, దయచేసి ఆ జీవిని అలా హింసించకండి.

తిట్టడం, కట్టేయడం కూడా మానండి. భయం, టెన్షన్ పెరిగితే నాకడం ఇంకా పెరుగుతుంది, పైగా నాకినప్పుడల్లా మీరు వస్తారని వాడికి అర్థమైపోతుంది. నాకడం మొదలుపెట్టగానే మామూలు గొంతుతో పిలిచి ఇంకో పనిలో పెట్టండి, ఊరికే ప్రశాంతంగా పడుకున్నప్పుడు మెచ్చుకోండి. పొద్దున మీరు బయల్దేరే ముందు అరగంటైనా నడిపించండి, వాసన చూస్తూ ఆగితే ఆగనివ్వండి, లాగొద్దు. వాడి తిండిలో కొంత భాగం తువ్వాలులో చుట్టిపెట్టి వెతుక్కోమని వదిలేస్తే మధ్యాహ్నం వరకూ పని దొరుకుతుంది. తువ్వాలును నమిలి మింగే అలవాటు వాడికి లేకపోతేనే ఇది చేయండి. దురద, నొప్పి రెండూ లేవని తేలాక కూడా ఆగకపోతే ఆందోళన తగ్గించే మందులు ఉన్నాయి, వాటిని డాక్టరే రాయాలి.

పుండులోంచి చీము, దుర్వాసన వస్తున్నా, అందులో పురుగులు కనిపించినా, జ్వరం ఉన్నా, తిండి మానేసినా అదే రోజు తీసుకెళ్లండి. వాడిని ఈ మధ్య వీధి కుక్క ఏదైనా కరిచి ఉండి, సరిగ్గా ఆ చోటే కొరుక్కుంటూ, ప్రవర్తన మారి, రేబిస్ టీకా కూడా గడువు దాటిపోయి ఉంటే నోటి దగ్గరికి ఎవరూ వెళ్లకుండా వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. ఇవేవీ లేకపోయినా ఈ వారం దాటనివ్వొద్దు. విజయవాడలో ఉన్నారు కాబట్టి గన్నవరంలోని పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు దగ్గరే, అక్కడ చూపించుకోవచ్చు. చర్మం గీరి మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష చేయించమని అడగండి, గజ్జి పురుగులు, ఫంగస్, బ్యాక్టీరియా లాంటివి ఉన్నాయేమో అందులో కొంతవరకు తెలుస్తుంది. వెళ్లే ముందు రెండు రోజులు వాడికి స్నానం చేయించకండి, పుండు మీద ఏ మందూ రాయకండి, వాడు కొరుక్కుంటున్నప్పుడు ఫోన్‌లో ఒక చిన్న వీడియో తీసుకుని, ఇప్పటిదాకా వాడిన మందుల పేర్లన్నీ రాసుకుని వెళ్లండి.