‘నరాల బలహీనత’ అని రాసే ముందు

తమ్ముడికి ఆశీస్సులు.

అమలాపురం నుంచి నువ్వు పంపిన కథ రాత్రే చదివాను. కొబ్బరి దింపు కార్మికుడు, పదేళ్లుగా షుగరు, భార్యకి కూడా చెప్పుకోలేని అంగస్తంభన సమస్య. మనిషిని బాగా పట్టుకున్నావు. కానీ రెండో పేరాలోనే ‘నరాల బలహీనత’ అని రాసేశావు. ఆ మాట కొట్టెయ్. మన బస్టాండు గోడల మీద పోస్టర్లు అంటించేవాళ్ల మాట అది. దాన్ని నమ్మి, రెండు పంటల డబ్బు లేహ్యాలకి పోసిన మనిషిని మా వీధిలోనే చూశాను.

నరాన్ని ఎలా పరీక్షిస్తారో దగ్గరుండి చూపించు. డాక్టరు పాదాల దగ్గర మొదలుపెడతాడు, ఎందుకంటే షుగరు ముందు దెబ్బతీసేది పొడుగాటి నరాల చివర్లనే. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు, అంటే కొడితే అదిరే రెండు కొమ్మల పనిముట్టు, మోగించి బొటనవేలి ఎముకకి ఆనిస్తాడు. ‘అదురు తెలుస్తోందా? ఆగగానే చెప్పు’ అంటాడు. చెట్టెక్కీ ఎక్కీ కాయలు కాసిన ఆ పాదం మీద చల్లటి ఇనుము. అక్కడ కాసేపు ఆగు, తొందరపడకు. తర్వాత అంగం కొనని మెల్లగా నొక్కి, మలద్వారం కండరం ముడుచుకుంటోందా అని గ్లోవు వేసుకున్న వేలితో చూస్తాడు. వెన్ను అడుగున డాక్టర్లు ఎస్2 నుంచి ఎస్4 దాకా అని పిలిచే నరాల దారి ఎలా ఉందో అలా తెలుస్తుంది. అయితే ఏ జబ్బూ లేని కొందరిలోనూ ఆ ముడుచుకోవడం వేలికి అందదు.

నీ కథలో డాక్టరు అదురు కొలిచే మెషీన్ అంకె చూసి ‘నరం చచ్చిపోయింది’ అనేశాడు. అది తప్పు, దిద్దు. ఆ మెషీన్ కొలిచేది స్పర్శని. స్తంభన తెచ్చేవి వేరే సన్నటి నరాలు, మన ప్రమేయం లేకుండా పనిచేసేవి. వాటిని ఈ పరీక్షలు నేరుగా అందుకోలేవు. అందుకే అందరికీ ఇవి రాయరు. తెల్లవారుజామున స్తంభన వస్తోందా, ఏ మాత్రలు వాడుతున్నావు, బీపీ ఎంత అని ముందు అడుగుతారు. గుండె సంగతీ చూస్తారు, రక్తనాళాల జబ్బు ఒక్కోసారి ముందు స్తంభన సమస్యగానే బయటపడుతుంది కాబట్టి. ఈ ప్రశ్నలకి నీ కథలో చోటే లేదు.

ఇంకొకటి. షుగరు చెకప్ అని చెప్పి అతను వెంట తీసుకొచ్చిన భార్య బయట బెంచీ మీద కూర్చుని ఉంది. అతను పంచె సర్దుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆవిడ ఏమడిగిందో, అతనేం చెప్పాడో నువ్వు రాయలేదు. అది రాసి పంపు.

మీ అన్నయ్య