వాంకోమైసిన్ ఎక్కిస్తున్నా నాన్నగారి జ్వరం తగ్గట్లేదా?

డయాలసిస్ చేయించుకుంటున్న మీ నాన్నగారికి కర్నూలులో ఆరు రోజులుగా వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కిస్తున్నా రక్తంలో ఎమ్మార్‌ఎస్‌ఏ (చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా) పోలేదని, డాప్టోమైసిన్ అనే మందు వాడొచ్చా అని అడిగారు. ఇన్ని రోజులైనా పోలేదంటే, క్రిమి ఎక్కడో దాక్కుని ఉండొచ్చు. ముందు అనుమానించాల్సింది మెడకు వేసిన డయాలసిస్ గొట్టాన్నే. అది తీయాలా అని ఈరోజే డాక్టరుగారిని అడగండి.

1. చాలామంది వదిలేసేది రెండో కల్చర్ (రక్తంలో క్రిమి ఉందో లేదో చూసే పరీక్ష). నెగెటివ్ వచ్చేదాకా 24–48 గంటలకోసారి రక్తం పంపాలి. మందు రోజులు లెక్కపెట్టేది ఆ మొదటి నెగెటివ్ నుంచే, జ్వరం తగ్గిన రోజు నుంచి కాదు.

2. గుండె ఎకో స్కాన్ తప్పనిసరి. క్రిమి గుండె కవాటానికి పట్టి ఉంటే మందు సాధారణంగా 6 వారాలు. నడుము నొప్పి అంటుంటే అదీ చెప్పండి, వెన్నులో చీము ఉండొచ్చు.

3. మీరడిగిన డాప్టోమైసిన్ మంచి మందే, కానీ న్యుమోనియాకు పనిచేయదు. వాడితే వారం వారం సీపీకే పరీక్ష (కండరాలు దెబ్బతింటున్నాయేమో చూసే రక్త పరీక్ష) చేయించాలి.