చిన్న హై రిజల్యూషన్ ల్యాప్‌టాప్‌లో ఎడిటింగ్‌కి గ్రాఫిక్స్ సరిపోతాయా?

ఫోటోలకీ, మామూలు 4కె వీడియో ఎడిటింగ్‌కీ ఈమధ్య వచ్చిన 13 అంగుళాల ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ సరిపోతాయి. త్రీడీ పనికీ, బరువైన ఎఫెక్టులకీ మాత్రం చాలవు. వీడియో కట్ చేసి అతికించడంలో అసలు భారం ఫైల్‌ని డీకోడ్ చేయడం, అంటే కుదించి ఉన్న వీడియోని విప్పి బొమ్మలుగా మార్చడం. ఇప్పటి ప్రాసెసర్లలో ఆ పనికి విడిగా ఒక భాగమే ఉంటుంది. కలర్ కరెక్షన్, నాయిస్ (బొమ్మలో కనిపించే చుక్కలు) తగ్గించడం, ఎఫెక్టులు వచ్చేసరికి గ్రాఫిక్స్ మీద బరువు పడుతుంది.

2020లో వచ్చిన, ఆపిల్ ఎం1 చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్‌నే చూడండి. తెర 2560×1600, అంటే దాదాపు 41 లక్షల పిక్సెళ్లు. విడి గ్రాఫిక్స్ కార్డు లేదు, ఫ్యాన్ కూడా లేదు. అయినా ఫోన్‌లో తీసిన 4కె క్లిప్పులు దీనిలో సాఫీగానే నడుస్తాయి. నాయిస్ తగ్గించే ఎఫెక్ట్ పెట్టి పొడవైన వీడియో ఎక్స్‌పోర్ట్ చేస్తే వేడెక్కి నెమ్మదిస్తుంది. ర్యామ్‌ని కూడా గ్రాఫిక్స్ పంచుకుంటుంది, పైగా తర్వాత పెంచుకునే వీలు లేదు. కొనేటప్పుడే 16 జీబీ తీసుకోవడం మేలు (8 జీబీతో టెన్షనే).

తెర రిజల్యూషన్ ఎక్కువైతే గ్రాఫిక్స్ శక్తంతా దానికే పోతుందని చాలామంది అనుకుంటారు. గేముల్లో అది చాలావరకు నిజమే. ఎడిటింగ్‌లో ఎక్స్‌పోర్ట్ వేగాన్ని తేల్చేది మాత్రం తెర కాదు, వీడియో రిజల్యూషన్, అది ఏ కోడెక్‌లో (వీడియోని కుదించే పద్ధతిలో) ఉంది, ఎన్ని ఎఫెక్టులు పెట్టారు అన్నవే.