అక్క గొలుసు ఎక్కడుంది?

ప్రశ్న: మాది కొరాపుట్ జిల్లా జయపురం. నాకు 25 ఏళ్లు. చర్చి యువజనులతో కెన్యాలోని కిసుముకి 18 రోజులు సేవకి వెళ్లొచ్చాను. ప్రేమంటే, విశ్వాసమంటే ఏమిటో అక్కడి పిల్లల దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు రెండేళ్లకి రమ్మంటున్నారు. ఇది దేవుని పిలుపేనా?

జవాబు: పిలుపో కాదో నాకు తెలియదమ్మా, నన్నడిగి లాభం లేదు. నాలుగు పేజీలు రాశావు. విక్టోరియా సరస్సు మీద పొద్దు కుంకడం, పిల్లలు ఉగాలి (అక్కడి మొక్కజొన్న పిండి సంకటి) ముద్దని వేళ్లతో నొక్కి ఆకుకూరలో ఎలా అద్దుకోవాలో చూపించడం, మన చోడి సంకటి గుర్తొచ్చి నువ్వు ఏడవడం, అన్నీ కళ్లకు కట్టినట్టున్నాయి. ఆ ఏడుపు అబద్ధమని అనను. కానీ టికెట్ కోసం అక్క తన గొలుసు తాకట్టు పెట్టిందన్న సంగతి మాత్రం బ్రాకెట్లో పెట్టావు. అది బ్రాకెట్లో పెట్టే సంగతా?

తుంటి విరిగి మంచాన పడ్డ అమ్మకి బెడ్‌పాన్ పెట్టేది ఆవిడ, రాత్రి పదింటిదాకా జాకెట్లు కుట్టేదీ ఆవిడే. నువ్వు మిషన్‌కి వెళ్లావు, అక్క మిషను తొక్కింది. వచ్చి ఫొటోలు చూపిస్తే తలెత్తకుండా 'బాగున్నాయి' అందని, ఆవిడకి 'ఆత్మీయత తక్కువ' అని రాశావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది.

మార్కు సువార్త 7వ అధ్యాయం తెరువు. అమ్మానాన్నలకు అందాల్సినది 'కొర్బాను', అంటే దేవునికి అర్పితం, అనేసి చేతులు దులుపుకునేవాళ్లని యేసు ఎంత గట్టిగా మందలించాడో చదువు. దూరదేశం వెళ్లడం తప్పనడం లేదు, 1882లో జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి మీ కొండలకి వచ్చిన మిషనరీల పనిలోంచే కదా జయపురం లూథరన్ సంఘం పుట్టింది. వాళ్లు ఎవరి అక్క మెడలోది తీసి వచ్చారో నాకు తెలియదు గానీ, నీ సంగతి నువ్వే రాశావు.

ఓ నెల అమ్మ పనులు నువ్వు చూడు. ఫొటోలు తియ్యకు, ఆదివారం సాక్ష్యంలో చెప్పకు. తాకట్టు చీటీ అడిగి వడ్డీ ఎంతైందో లెక్క వెయ్యి, నీ ట్యూషన్ డబ్బులతో కట్టడం మొదలుపెట్టు. గొలుసు అక్క మెడలోకి వచ్చాక రెండేళ్ల మాట అక్కనే అడుగు. వద్దంటే మళ్లీ ఆత్మీయత తక్కువని మాత్రం అనకు.